చర్చ: యూనివర్సిటీ తోటలో పూలు పీకి పంటలు వేస్తే జనానికి వ్యవసాయం తెలుస్తుందా?

తోటపని (చర్చ మొదలుపెట్టినవారు)

ఒక యూనివర్సిటీ ప్రజా తోటలో ఆరేళ్లుగా స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. ఆదివారాలు వచ్చినవాళ్లకు తోట చూపించడం, కలుపు తీయడం, వానకు చెరిగిపోయిన పేరు పలకలు మార్చడం నా పనులు. ఇప్పుడు తోట కమిటీ ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. పూల మడుల్లో మూడో వంతు తీసేసి అక్కడ ఆధునిక వ్యవసాయం చూపించాలట. డ్రిప్పు, మట్టిలో తేమ కొలిచే సెన్సర్లు, కొత్త వంగడాలు, రోజుకు రెండుసార్లు ఎగరడానికి ఒక డ్రోన్. జనానికీ సాగుకూ మధ్య తెగిపోయిన తాడును మళ్లీ ముడివేయాలన్నది ఉద్దేశం.

మాట నచ్చింది, పని మీదే అనుమానం. మొన్న ఒకాయన టమాటా మొక్క ముందు నిలబడి ఫోటో తీసుకుని "ఇదేం పూల మొక్కండీ" అని అడిగాడు. అప్పటికింకా పూత మీదే ఉందిలెండి, పూర్తిగా ఆయన్ను తప్పుపట్టలేను. అలాంటి మనిషికి సెన్సర్ చూపిస్తే ఏం బోధపడుతుంది? లేక అలాంటి మనిషి కోసమే చూపించాలా? కమిటీలో నాకూ ఒక ఓటుంది. మీరేమంటారు?

గట్టుమీదరైతు

వద్దని ఓటెయ్యండి.

యూనివర్సిటీ తోట చూసి రైతు మారడు. ఈ సంగతి నూరేళ్ల కిందటే తేలిపోయింది. అమెరికాలో సీమన్ నాప్ అని ఒకాయన ఉండేవాడు. ప్రభుత్వం నడిపే ప్రదర్శన క్షేత్రాలతో మొదలుపెట్టాడు. రైతులు వచ్చారు, చూశారు, తలూపారు, ఇంటికెళ్లి ఎప్పట్లాగే దున్నుకున్నారు. ఎందుకు దున్నుకోరు? పెట్టుబడి సర్కారుది, కూలీలు సర్కారువాళ్లు, పోతే పోయేదీ సర్కారుదే. అట్లాంటి చోట పంట బాగా రావడం గొప్పేం కాదు.

అందుకని 1903లో టెక్సాస్‌లో టెరెల్ అనే ఊరి దగ్గర వాల్టర్ పోర్టర్ అనే రైతు సొంత పొలాన్ని ఎంచుకున్నారు. దున్నేది పోర్టరే, విత్తేదీ పోర్టరే. ఒకవేళ నష్టమొస్తే పూడ్చడానికి ఊరి వర్తకులు నిధి పోగేశారు. పత్తిని ముక్కుపురుగు ఊడ్చిపెట్టేస్తున్న రోజులవి. పోర్టర్‌కి లాభమే వచ్చింది. ఆ పద్ధతే పాకి పాకి 1914లో స్మిత్-లీవర్ చట్టం అయింది, యూనివర్సిటీలు ఊళ్లలోకి మనుషుల్ని పంపే విస్తరణ సేవ వచ్చింది. గమనించండి, జనాన్ని లోపలికి పిలవలేదు, వాళ్లే బయటికెళ్లారు.

నేను ముప్పై ఏళ్లుగా చేలో ఉన్నవాణ్ని. వంగడం మార్చింది మూడుసార్లు. మూడుసార్లూ పక్క చేనువాడి పంట చూసే మార్చాను. వాడు నాకంటే తెలివైనవాడు కాడు, అందుకే నమ్మకం కుదిరింది.

విత్తనంపెట్టె

రైతుగారూ, నాప్ కథ నిజమే. అయితే అది రైతు చేత కొత్త పని చేయించిన కథ. ఇక్కడి సంగతి వేరు. ఆదివారం తోటకు వచ్చేవాళ్లలో నాగలి పట్టినవాళ్లు ఎందరు? వాళ్లంతా మీరు పండించింది తినేవాళ్లు. నీళ్ల మీద, పురుగుమందుల మీద, జన్యుమార్పిడి పంటల మీద మహా గట్టి అభిప్రాయాలున్నవాళ్లు. అవి ఎక్కణ్నుంచి వచ్చాయంటే జేబులోంచి ఫోన్ తీసి చూపిస్తారు.

నేను వంగడాల పనిలో ఉన్నాను. నాకు మూడు మడులు ఇస్తే చాలు, సెన్సర్లు మీరే ఉంచుకోండి.

మొదటిదాంట్లో సముద్రపు ఒడ్డున పెరిగే అడవి క్యాబేజీ మొక్క ఒకటి, దాని చుట్టూ క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, నూల్‌కోల్. అన్నీ ఒకే జాతి, బ్రాసికా ఒలెరేషియా. ఆకు మొగ్గ మీద కన్నేసినవాడికి క్యాబేజీ వచ్చింది, పూగుత్తి మీద కన్నేసినవాడికి కాలీఫ్లవర్, కాండం లావెక్కించుకుంటూ పోయినవాడికి నూల్‌కోల్. జన్యువు అనే మాట పుట్టడానికి చాలా ముందే జరిగిన పని ఇది. ఆ మడి ముందు నిలబడి "అచ్చం ప్రకృతి ఇచ్చిన కూరగాయ" అనాలంటే కొంచెం నోరు తడబడుతుంది.

రెండోదాంట్లో మొక్కజొన్నకు మూలమైన టియోసింటె అనే అడవి గడ్డి, పక్కనే మొక్కజొన్న. టియోసింటె కంకి చిటికెన వేలంత కూడా ఉండదు, పంటికి లొంగని పెంకుల్లో పదీ పన్నెండు గింజలు, అంతే. దక్షిణ మెక్సికోలో సుమారు 9,000 ఏళ్ల కిందట ఎవరో ఈ గడ్డిని చూసి ఇది తిండి అవుతుందనుకున్నారు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మూడోది గోధుమ. పాత పొడుగు రకం ఒక పక్క, పొట్టి రకం ఒక పక్క. రెండింటికీ నత్రజని దండిగా వేసి ఒక గాలివాన కోసం ఎదురుచూడండి. పొడుగుది గింజ బరువుకు నేల మీద పడుకుంటుంది, పొట్టిది నిలబడుతుంది. జపాన్ నోరిన్ 10 రకం నుంచి వచ్చిన పొట్టితనం ఏం మార్చిందో, ఆ పొట్టి గోధుమల్ని తయారుచేసిన నార్మన్ బోర్లాగ్‌కి 1970లో నోబెల్ శాంతి బహుమతి ఎందుకిచ్చారో చెప్పడానికి ఇంక పలక కూడా అక్కర్లేదు.

డ్రోన్ మాత్రం వద్దు. అది ఎగిరితే జనం పైకి చూస్తారు, పంట కింద ఉంటుంది.

పాతతోట

పూలు ఎందుకు పీకాలని ఒక్కరూ అడగరేం?

యూనివర్సిటీ తోటకు తనదైన పని ఉంది. ఇటలీలోని పడువాలో 1545లో తోట వేసింది వైద్య విద్యార్థులకు మందు మొక్కల్ని గుర్తుపట్టడం నేర్పడానికి. రాత్రిపూట మొక్కలు ఎత్తుకుపోతుంటే చుట్టూ గుండ్రటి గోడ కట్టారు. (జనానికి మొక్కల మీద ఆసక్తి లేదని ఎవరన్నారు?) ఆ గోడ, ఆ గుండ్రటి మడులు ఇవాళ్టికీ ఉన్నాయి. 1997లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. 2014లో జీవవైవిధ్య తోట అని కొత్త గాజుశాలలు తెరిచారు, పాతదాన్ని కూల్చి కాదు, దాని పక్కనే. నేర్చుకోవాల్సింది అక్కడుంది.

పైగా కొత్త పంటలు తోటల్లోంచే కదా బయటికి వచ్చాయి! స్వీడన్‌లో ఉప్సాలా యూనివర్సిటీ తోటను 1655లో ఓలోఫ్ రుడ్‌బెక్ వేశాడు. ఆ దేశంలో బంగాళాదుంప మొదట పెరిగిన చోట్లలో అదొకటి. ప్రత్యేకంగా వ్యవసాయ మడి అని బోర్డు పెట్టి కాదు, మొక్కల మీద ప్రేమతో నాటాడు. ఆ ప్రేమ ఉంటే చాలు, మిగతావి అవే వస్తాయి.

గట్టుమీదరైతు

పాతతోట గారూ, మీ పోస్టు చదివి మా అమ్మాయిని వెతికిపెట్టమన్నాను. దుంప కథ సగంలో ఆపేశారు.

రుడ్‌బెక్ తోటలో దుంప మొలిచింది, సరే. ఆ తర్వాత ఏమైంది? రెండు తరాలు గడిచినా స్వీడన్ రైతు దాని మొహం చూడలేదు. 1720ల్లో యూనాస్ ఆల్‌స్ట్రోమెర్ అనే ఆయన ఆలింగ్‌సోస్‌లో తన పొలంలో పంటగా వేస్తే అప్పుడు కాస్త కదలిక. అప్పుడు కూడా తినడానికి జనం ముందుకు రాలేదు. 1746లో ఎవా ఎకెబ్లాడ్ అనే ఆవిడ దుంపలోంచి పిండి తీయొచ్చు, సారా కాయొచ్చు అని చేసి చూపించింది. ఆ పనికి 1748లో ఆవిణ్ని వాళ్ల సైన్స్ అకాడమీలోకి తీసుకున్నారు, ఆ అకాడమీలో మొదటి ఆడమనిషి ఆవిడే.

గోడ లోపల ఉన్నన్నాళ్లూ అది వింత మొక్క. పొలంలోకి, పొయ్యి మీదికి, (ఏం దాచుకోవాలి) సారా బట్టీలోకి వచ్చాక పంట అయింది. ప్రేమ చాల్లేదు సారూ.

సందేహాలరావు

ఈ మడులకు డబ్బెవరిస్తారు? అసలు చర్చ అక్కడుంది. తెలియక అడుగుతున్నా, విత్తన కంపెనీ బోర్డు ఏమైనా వేలాడుతోందా?

తోటపని

వేలాడుతోంది. పేరు చెప్పను. మడులు, డ్రిప్పు, విత్తనాలు అన్నీ వాళ్లే ఇస్తామన్నారు, పదేళ్ల ఒప్పందం. ఒక్కటే షరతు: వాళ్ల వంగడం ఉన్న మడిలో పంట దెబ్బతింటే ఆ వారం అక్కడ తెర కట్టేయాలట. "చూసేవాళ్లకు తప్పుడు అభిప్రాయం కలగకుండా" అని రాశారు. మొదటి పోస్టులో ఈ సంగతి రాయలేదు, రాయాల్సింది. సిగ్గేసి వదిలేశాను.

సందేహాలరావు

అయితే అది తోట కాదమ్మా, దుకాణం అద్దం. ఓటు సంగతి తేలిపోయింది.

విత్తనంపెట్టె

తెర సంగతి వినగానే నాకూ ఒళ్లు మండింది. నా వైపు వాదనే బలహీనపడినా చెప్పాలి: గోధుమ పడిపోవడం చూపించలేని తోటలో గోధుమ వేయడం దండగ.

కానీ కంపెనీ అనగానే పరుగెత్తక్కర్లేదు. ఓడినదాన్ని ఎలా చూపించాలన్న లెక్క పాతదే. 1932లో అమెరికాలో మొదలైన ఆల్ అమెరికా సెలెక్షన్స్ అని ఒక ఏర్పాటుంది. కంపెనీలు ఇంకా అమ్మకానికి రాని రకాలు పంపుతాయి, యూనివర్సిటీ తోటలతో సహా చాలా చోట్ల వాటిని వేస్తారు. వేసేది ఒంటరిగా కాదు, అప్పటికే బజారులో ఉన్న మంచి రకం పక్కన. ఎవరిదో తెలియకుండా పేరుకు బదులు సంఖ్యతో వస్తాయి కాబట్టి న్యాయనిర్ణేత మొహమాటపడేది లేదు. అక్కడా ఒక లోటుంది, గెలిచినవాటి పేర్లే బయటికొస్తాయి, ఓడినవి మాటామంతీ లేకుండా పోతాయి. అయినా పక్కన పోల్చే రకం పెట్టడమనే ఆ ఒక్క అలవాటు పట్టుకుంటే చాలు. మేం దాన్ని చెక్ ప్లాట్ అంటాం. చెక్ లేని మడి ప్రకటన, చెక్ ఉన్న మడి ప్రయోగం.

సందేహాలరావు

జన్యుమార్పిడి మొక్కలు కూడా పెడతారా మరి? ఆధునికం అన్నాక తప్పదుగా.

విత్తనంపెట్టె

అనుమతి రాని జన్యుమార్పిడి మొక్కను జనం తిరిగే తోటలో పెట్టడానికి జీవభద్రత నియమాలు ఒప్పుకోవు, ఒప్పుకోకూడదు కూడా. అనుమతి వచ్చినదైతే దేశాన్ని బట్టి. అమెరికాలో 2024 నుంచి ఊదా టమాటా విత్తనాలు పెరటి తోటల వాళ్లకే నేరుగా అమ్ముతున్నారు. స్నాప్‌డ్రాగన్ పువ్వులోని రెండు జన్యువులు పెడితే కాయ లోపల గుజ్జంతా ఊదా రంగు తిరిగింది. చేసింది ఇంగ్లండ్‌లో కాతీ మార్టిన్ బృందం. నాకైతే దాన్ని మామూలు టమాటా పక్కన పెట్టి, కోసి, లోపలి రంగు చూపించి నోరు మూసుకోవాలని ఉంటుంది. మంచిదని నేను చెప్పను, చెడ్డదని మీరు చెప్పకండి. చూసినవాడు అడిగేదాకా ఆగుదాం.

మట్టిపిచ్చి

అందరూ మట్టి పైన ఉన్నవాటి గురించే మాట్లాడుతున్నారు. కిందికి రండి.

2021లో స్విట్జర్లాండ్‌లో ఆగ్రోస్కోప్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థ, జ్యూరిక్ యూనివర్సిటీ కలిసి ఒక పని చేశాయి. వెయ్యి మందికి తలా రెండు తెల్లటి కాటన్ లోదుస్తులు, కొన్ని టీ సంచులు పంపించారు. రైతులకూ, పెరటి తోటల వాళ్లకూ. మట్టిలో పాతిపెట్టండి, నెలకు ఒకటి, రెండు నెలలకు ఇంకొకటి తవ్వి ఫోటో పంపండి అన్నారు. నేల బతికి ఉంటే సూక్ష్మజీవులు నూలంతా తినేస్తాయి, నడుం దగ్గర ఎలాస్టిక్ మిగులుతుంది. నేల చచ్చి ఉంటే ఉతుక్కుని తొడుక్కోవచ్చు.

నవ్వండి, పర్వాలేదు. నేను నవ్వించడానికే చెప్పాను. కానీ ఆలోచించండి, ఆ వెయ్యి మందిలో ఒక్కడైనా "నేల ఆరోగ్యం" అన్న మాటను ఇంక మర్చిపోతాడా? తవ్వింది తన చేతులతో, తన పెరట్లో. రైతుగారు చెప్పిన నాప్ సూత్రం ఇదే, కాకపోతే పత్తి చేను బదులు పత్తి చెడ్డీ. తోట చేయాల్సింది ఆ రెండు గుడ్డలు ఇచ్చి పంపడం, తవ్వి తెచ్చినవాటిని ఒక తీగ మీద వరసగా ఆరేయడం. అంతకంటే మంచి ప్రదర్శన ఏ సెన్సరూ పెట్టలేదు.

గుడ్డ మరీ మొరటనిపిస్తే రెండు గాజు సీసాల నీళ్లు చాలు. ఏటా దున్నిన మట్టి గడ్డ ఒకదాంట్లో, ఎప్పుడూ ఏదో ఒక పచ్చని పైరు కప్పి ఉంచిన మట్టి గడ్డ ఇంకోదాంట్లో వేయండి. మొదటిది నిమిషాల్లో విచ్చిపోయి నీళ్లు బురదవుతాయి. రెండోది మొండిగా నిలబడుతుంది. పిల్లలు వదలరు, మళ్లీ మళ్లీ వేయమంటారు.

ఇంకొకటి, పాతతోట గారి కోసం. ఇల్లినాయ్ యూనివర్సిటీ నడిబొడ్డున మోరో ప్లాట్లని ఉన్నాయి. 1876లో వేశారు. మొదట పది మడులు, ఇప్పుడు మిగిలినవి మూడు. ఒకదాంట్లో అప్పటినుంచీ ఏటా మొక్కజొన్నే, మిగతావాటిలో పంట మార్పిడి. ఆ మడుల పక్కన గ్రంథాలయం కట్టాల్సి వస్తే, నీడ పడి పంట లెక్కలు తప్పుతాయని దాన్ని భూమి లోపల కట్టారు, 1969లో. పుస్తకాలు కిందికి పోయాయి, మొక్కజొన్న ఎండలో ఉంది. ఒకే పంట వేస్తూ పోతే నేల ఎట్లా నీరసపడుతుందో నూటనలభై ఏళ్లకు పైగా కళ్లెదురుగా పెట్టిన చోటు అది. అక్కడ అందం ఏమీ లేదు. వాళ్లు తెర కూడా కట్టలేదు.

గట్టుమీదరైతు

మట్టిపిచ్చీ, నీకు నా ఓటు. చెడ్డీ సంగతి మా ఇంట్లో చెబితే మా ఆవిడ నన్ను బయటికి గెంటింది గానీ, రెండు పాతిపెట్టాను. చూద్దాం.

అయినా నా మాట పూర్తిగా వదులుకోను. మీ మడుల్లో ఏం చూపించినా ఆధునిక వ్యవసాయంలో సగమే చూపిస్తారు. డ్రిప్పు చూపిస్తారు, దాని అప్పు చూపించరు. కొత్త వంగడం చూపిస్తారు, అందరూ అదే వేసిన ఏడాది ధర ఎట్లా పడుకుంటుందో చూపించరు. పురుగు పడిన రాత్రి రైతు ఏ లెక్క వేసుకుంటాడో, ఇంకో మందు కొట్టాలా, వదిలేయాలా, అది ఏ మడిలో పెడతారు? వ్యవసాయం అంటే యంత్రం కాదు, లెక్క.

ఆకుడాక్టరు

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. ఒక తోట గేటు దగ్గర మొక్కల జబ్బులు చూసే బల్ల నడుపుతున్నాను, ఆ అనుభవంతో రెండు మాటలు.

రైతుగారు అడిగిన "పురుగు పడిన రాత్రి లెక్క" రోజూ నా బల్ల దగ్గర జరుగుతుంది. జనం ఆధునిక వ్యవసాయం తెలుసుకుందామని రారు. సంచిలో ఒక పసుపు ఆకు పట్టుకొస్తారు. "ఏం కొట్టమంటారు?" అన్నదే మొదటి ప్రశ్న, ఎప్పుడూ. నేను మొదట అడిగేది నీళ్లు ఎన్నిసార్లు పోస్తున్నారని. సగం ఆకులకు జబ్బు ఉండదు, ప్రేమ ఎక్కువై వేళ్లు కుళ్లి ఉంటాయి. ఒకావిడకు ఆ మాట చెబితే కళ్లనీళ్లు పెట్టుకుంది, మొక్క వాళ్లమ్మ ఇచ్చిందట. కాసేపు మందుల మాట పక్కనపెట్టి వేళ్లు కడిగి చూపించాను. వారం తర్వాత తనే వచ్చి అడిగింది, "పొలాల్లో వాళ్లకు వేళ్లు కుళ్లితే ఏం చేస్తారండీ?" అని. ఆ ప్రశ్న దగ్గర నాకు తలుపు తెరుచుకుంది. నీళ్లు నిలవని ఎత్తు మడులు, కుళ్లును తట్టుకునే వేరు మీద అంటుకట్టడం, తేమ చూసి నీరు పెట్టడం, అన్నీ అప్పుడు చెప్పాను. మీ సెన్సర్‌కి ఆవిడ అప్పుడు అర్థం వెతుక్కుంది.

ఇది నేను కనిపెట్టింది కాదు. 1972లో అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ విస్తరణ ఉద్యోగులకు పెరటి తోటల వాళ్ల ప్రశ్నలతో ఊపిరాడలేదు. రైతుల పని చూసుకోవాల్సినవాళ్లకు గులాబీల ఫోన్లే సరిపోతున్నాయి. అందుకని తోటపని తెలిసిన మామూలు జనానికే శిక్షణ ఇచ్చి, బదులుగా ఇన్ని గంటలు జనం ప్రశ్నలకు జవాబులు చెప్పాలని ఒప్పందం పెట్టుకున్నారు. మాస్టర్ గార్డెనర్ అని పేరు. నిపుణుడి జవాబు పక్కింటావిడ నోట్లోంచి వచ్చింది. రైతుగారి పక్క చేనువాడి సూత్రమే మళ్లీ.

దీన్నే తిప్పి చేసినవాళ్లూ ఉన్నారు. 2011లో మొదలైన ప్లాంట్‌వైజ్ కార్యక్రమం ఎన్నో దేశాల్లో మొక్కల వైద్యశాలలు తెరిచింది, చాలాచోట్ల సంత మధ్యలో బల్ల వేసి. రైతు ఎలాగూ సంతకు వస్తాడు, వస్తూ వస్తూ తెగులు పట్టిన కొమ్మ తెస్తాడు. తోటకు రానివాడి కోసం తోటే నడిచివెళ్లాలి. 1906లో అమెరికాలో టస్కీగీ విద్యాసంస్థ నుంచి, అక్కడి వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ ఆలోచనతో, గుర్రబ్బండి మీద పనిముట్లు, విత్తనాలు వేసుకుని పేద నల్లజాతి రైతుల దగ్గరికే వెళ్లారు. బండికి జెసప్ వ్యాగన్ అని పేరు. బడికి చక్రాలు కట్టినట్టు.

పాతతోట

అంతా బాగుంది. ఒక్కటి మాత్రం ఎవరూ మాట్లాడడం లేదు. నిజమైన ఆధునిక వ్యవసాయం చూపిస్తామంటే పురుగుమందు కొట్టడం కూడా చూపించాలి. పసిపిల్లలు గడ్డిలో దొర్లే చోట మందు కొడతారా? కొట్టకపోతే అబద్ధం చూపించినట్టు. కొడితే నేను ఆ తోటలో అడుగుపెట్టను.

గట్టుమీదరైతు

నా చేలో అడుగుపెట్టకుండా నా చేతి తిండి ఎన్నేళ్లుగా తింటున్నారో! అడుగుపెట్టి చూస్తే మీకే

నిర్వాహకులు

గట్టుమీదరైతు గారి పోస్టులో మిగతా భాగం తీసేశాం. విషయం మీద మాట్లాడండి, మనిషి మీద వద్దు.

ఆకుడాక్టరు

పాతతోట గారి ప్రశ్న మంచిదే, కోపం తెప్పించే ప్రశ్నలు తరచూ మంచివే అవుతాయి. దారి ఉంది. ఒక్క మడిలో మందు కొట్టాలి, తోట మూసిన పూట. చుట్టూ తాడు కట్టి, డబ్బా మీద రాసిన విరామం పూర్తయ్యేదాకా లోపలికి ఎవర్నీ రానివ్వకూడదు. పలక మీద మూడు మాటలు: ఏం కొట్టాం, ఎందుకు, మళ్లీ లోపలికి ఎప్పుడు రావచ్చు. పక్క మడిలో కొట్టకూడదు. రెండింట్లో ఏది ఎన్ని కాయలు కాసిందో, ఎన్ని పుచ్చిపోయాయో వారం వారం సుద్దముక్కతో రాస్తూ పోవాలి. ఆ తాడు, ఆ పలక చూసినవాడికి మందంటే భయమైనా కలగాలి, దాన్ని రోజూ వాడేవాడి మీద గౌరవమైనా కలగాలి. నాకు రెండూ సమ్మతమే. రైతుగారు అడిగిన లెక్క కూడా ఆ సుద్దముక్కలోనే ఉంది, మందు ఖర్చు ఒక వరసలో రాస్తే.

పాతతోట

తాడు కట్టి, విరామం పాటిస్తే, ఒక్క మడి వరకు ఒప్పుకుంటాను. పూలు మాత్రం పీకనివ్వను.

రైతుగారూ, మీ దుంప దెబ్బకు బదులు వెతుకుతూ ఇంకొకటి దొరికింది, అది కూడా మీ వైపే మొగ్గింది, ఏం చేస్తాం. కేంబ్రిడ్జ్‌లో జాన్ హెన్స్‌లో వృక్షశాస్త్ర ఆచార్యుడు, డార్విన్ గురువు. ఇప్పుడున్న యూనివర్సిటీ తోటకు మూలపురుషుడు ఆయనే, 1846లో తెరిచారు. అంత తోట చేతిలో ఉన్నా, రైతులతో మాట్లాడాలనుకున్నప్పుడు ఆయన వాళ్లను తోటకు పిలవలేదు. తను పాస్టర్‌గా ఉన్న హిచమ్ పల్లెలో కూర్చుని 1843లో సఫక్ రైతులకు ఎరువుల మీద వరసగా ఉత్తరాలు రాశాడు. మీ పేడకుప్పల మీద మీరే ప్రయోగం చేసి ఫలితం చెప్పండి అన్నాడు. కూలీల కుటుంబాలకు కూరగాయలు పండించుకోవడానికి చిన్న చిన్న మడులు ఇప్పిస్తే అక్కడి పెద్ద రైతులే అడ్డుపడ్డారు. అది కూడా రాసుకోండి, రైతంటే అందరూ ఒక్కటి కాదు.

గట్టుమీదరైతు

రాసుకున్నాను. ఇందాకటి మాటకు ఏమనుకోకండి.

తోటపని

ఇవాళ కమిటీ కూర్చుంది. తెర షరతు చదివి వినిపించాను. ముగ్గురికి అప్పటిదాకా ఆ వాక్యం కంటపడనే లేదట. ఒప్పందం పక్కనపెట్టారు, పూర్తిగా పోలేదు, షరతు తీసేస్తే మళ్లీ చూస్తారు. డ్రోన్ కావాలన్న పెద్దాయన కాస్త నొచ్చుకున్నారు.

పూల మడులు అలాగే ఉంటాయి. ప్రహరీ అవతల రోడ్డువైపు ఖాళీ జాగా ఒకటుంది, ఇన్నాళ్లూ పాత కుండీలు పారేసే చోటు. అది అడిగాను, ఇచ్చారు. నాలుగు మడులు పడతాయి: గోధుమ పొడుగు, పొట్టి, టమాటా మందుతో, మందు లేకుండా. రోడ్డు మీద పోయేవాళ్లకు టికెట్ లేకుండా కనిపిస్తాయి. గేటు దగ్గర శనివారాలు ఆకుల బల్ల. విత్తనంపెట్టె గారూ, టియోసింటె విత్తనం ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, ఒక మూల దానికి వదిలాను.

లోదుస్తులకు కమిటీ ఒప్పుకోలేదు. మట్టిపిచ్చి గారూ, టీ సంచులకు ఒప్పుకున్నారు. రైతుగారూ, మీరు పాతినవి తవ్వే రోజు ఫోటో పెట్టండి, వచ్చే నెల వాళ్లకు చూపిస్తాను.

గట్టుమీదరైతు

నెలకు ఆగలేక నిన్ననే ఒకటి తవ్వాను. చెప్పుకోవడానికి బాగోలేదు, దాదాపు చెక్కుచెదరలేదు. ఏటా ఒకే పంట వేసే చెక్క అది. రెండోది ఇంకా లోపలే ఉంది, పచ్చిరొట్ట వేసిన చెక్కలో.